ఈ ఏడు మెట్లు పెరిగాయా?

కొండ ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో పోల్చుకోవడం మామూలే. అయితే పోల్చుకోవాల్సింది నిరుటి మనతో అంటున్నారు ప్రభుత్వ ఆసుపత్రి జనరల్ ఫిజీషియన్.

శనివారం తెల్లవారుజామున చౌడేపల్లె బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు ఒక చర్చ జరుగుతుంటుంది. సొంతూరు వెళ్లినప్పుడల్లా నేనూ అందులో ఒకణ్ణి. వాకింగ్ ముగించుకుని వచ్చిన పది పన్నెండు మంది ఉంటారు. రిటైరైన టీచర్లు, టమోటా మండీ వ్యాపారులు, కుప్పం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి, డ్వాక్రా సంఘం అక్కలు ఇద్దరు ముగ్గురు. రాజకీయాలు, టమోటా ధర అయిపోయాక మాట ఎప్పుడూ ఒకచోటికే వస్తుంది. ఏ కొండ ఎక్కడం కష్టం?

‘శ్రీవారి మెట్టే కష్టమప్పా. ఊపిరి తీసుకోనియ్యదు’ అంటారొకరు. ‘అలిపిరిలో మోకాళ్ల పర్వతం ఎక్కినావా నువ్వు?’ అని ఇంకొకరు. సైకిల్ మీద హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు ఎక్కే కుర్రాడు ‘మీరంతా నడిచేవాళ్లు, తొక్కి చూడండి’ అంటాడు. చివరికి ఒక అక్క తేల్చేసింది. ‘నెత్తిన పొంగళ్ల సామాన్ల గంప పెట్టుకుని, ఎండలో, ఒక్కపొద్దుండి బోయకొండ ఎక్కితే తెలస్తాది మీకు.’

అందరూ నవ్వారు. కానీ వైద్యుడిగా ఆలోచిస్తే అందరికన్నా సరిగ్గా చెప్పింది ఆవిడే. దారి ఎంత కష్టమనేది మెట్ల సంఖ్యతో తేలదు. వాలు, మోసే బరువు, ఎండ, కడుపులో ఏముంది, కాళ్లకు ఏముంది... ఇన్ని కలిస్తే ఒక కొండ.

చిన్న దారి ఎందుకు పెద్ద కష్టం?

తిరుమలకు కాలినడకన వెళ్లేవాళ్లకు రెండు దారులు బాగా తెలుసు. అలిపిరి నుంచి వెళ్తే దాదాపు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. అంకెలు చూసి చాలామంది ‘శ్రీవారి మెట్టు సులభం, గంటన్నరలో అయిపోతుంది’ అనుకుంటారు.

ఒక చిన్న లెక్క వేయండి. దూరాన్ని మెట్లతో భాగించండి. శ్రీవారి మెట్టు దారిలో ప్రతి 90 సెంటీమీటర్లకు ఒక మెట్టు వస్తుంది. అంటే విరామమే లేదు. అలిపిరి దారిలో సగటున రెండున్నర మీటర్లకు ఒక మెట్టు. అక్కడ గాలి గోపురం దాకా నిటారుగా ఎక్కించినా, ఆ తర్వాత చాలా దూరం దాదాపు సమతలంగా నడుస్తాం. గుండెకు కాస్త తెరిపి దొరుకుతుంది. మళ్లీ చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర పరీక్ష పెడుతుంది.

కాబట్టి అలిపిరి ఎక్కువగా ఓర్పును, పాదాలను, మోకాళ్లను పరీక్షిస్తుంది. శ్రీవారి మెట్టు గుండెను, ఊపిరితిత్తులను పరీక్షిస్తుంది. కీళ్లనొప్పులున్న మనిషికి ఒకటి కష్టం, గుండె బలహీనంగా ఉన్న మనిషికి ఇంకొకటి కష్టం. టీ కొట్టు దగ్గర వాదించుకునే ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఇంటి భాషలో చెప్పాలంటే, మన డాబాకు 20 మెట్లుంటే, శ్రీవారి మెట్టు ఎక్కడమంటే ఆగకుండా దాదాపు 120 సార్లు డాబా ఎక్కడంతో సమానం. అలిపిరి అయితే దాదాపు 180 సార్లు. ఏడాదంతా డాబా ఎక్కని మనిషి ఒక్క పూటలో అంత పని పెట్టుకుంటే శరీరం అడగకుండా ఊరుకుంటుందా?

మంచు దారులకు రంగులు

అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్న నా క్లాస్‌మేట్ ఒకడు చలికాలంలో క్రాస్ కంట్రీ స్కీయింగ్ చేస్తాడు. కాళ్లకు పొడవాటి పట్టీలు కట్టుకుని మంచు మీద కిలోమీటర్ల కొద్దీ సాగిపోవడం. స్వీడన్‌లో 1922 నుంచి జరుగుతున్న వాసాలోపెట్ అనే పోటీలో ఏకంగా 90 కిలోమీటర్లు వెళ్తారు. వాళ్లూ మనలాగే విశ్రాంతి గదిలో కాఫీ తాగుతూ ఏ దారి కష్టమో వాదించుకుంటారట. అక్కడ దారి మొదట్లోనే గుర్తులుంటాయి. ఆకుపచ్చ వృత్తం ఉంటే సులభం, నీలి చతురస్రం ఉంటే మధ్యస్థం, నల్ల డైమండ్ ఉంటే కష్టం.

వాడు చెప్పిన ఒక సంగతి నాకు బాగా నచ్చింది. ఆ గుర్తులు ఆ ఒక్క ప్రాంతంలోని దారులను ఒకదానితో ఒకటి పోల్చి పెట్టినవి మాత్రమే. ఒకచోట నీలం ఇంకోచోట నలుపు కావచ్చు. నిన్న సులభంగా ఉన్న దారి, ఇవాళ మంచు గడ్డకడితే కష్టం కావచ్చు. బోర్డును చూసి ధైర్యం తెచ్చుకోకూడదు, శరీరాన్ని అడగాలి.

శరీరాన్ని అడిగే పద్ధతులు వైద్యంలో ఉన్నాయి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ శ్రమను మనిషి తనకు తానుగా అంకెల్లో చెప్పుకునే కొలబద్ద తయారుచేశారు. సున్నా అంటే కూర్చున్నట్టు, 10 అంటే ఇక నావల్ల కాదు అన్నట్టు. ఆరోగ్యం కోసం ఎక్కేవాళ్లు 3 నుంచి 5 మధ్య ఉంటే చాలు.

ఇంకొకటి ‘మెట్’ అనే కొలత. మన మెట్టుకూ దానికీ సంబంధం లేదు, పేరు మాత్రం కలిసింది. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం వాడే శక్తి 1 మెట్. చదునైన దారిలో మామూలుగా నడిస్తే 3 నుంచి 4. మెట్లు నిదానంగా ఎక్కితే 4, వేగంగా ఎక్కితే దాదాపు 9. క్రాస్ కంట్రీ స్కీయింగ్ ఓ మోస్తరు వేగంతో చేసినా దాదాపు 9 మెట్‌లే. అంటే శ్రీవారి మెట్టు గబగబా ఎక్కే మన ఊరి మనిషి, మంచు దేశంలో స్కీయింగ్ చేసే మనిషితో సమానంగా శ్రమపడుతున్నాడు. తేడా ఒక్కటే. ఆయన నెలల తరబడి సాధన చేస్తాడు. మనం శుక్రవారం రాత్రి నిర్ణయించుకుని శనివారం ఎక్కేస్తాం.

అంకెలు గుర్తుండకపోతే గోవింద నామం చాలు. ఎక్కుతూ పక్కవాళ్లతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే, గోవిందా అని గొంతు కలపగలిగితే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం తగ్గించాలి. మాటే రాకపోతే ఆగి కూర్చోవాలి.

అమ్మ మాట నేను వినలేదు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

మా అమ్మకు 68 ఏళ్లు. ఏటా అలిపిరి దారిలో నడిచి వెళ్లడం ఆమె మొక్కు. రెండేళ్ల కిందట మేమంతా కలిసి వెళ్లాం. గాలి గోపురం దాకా రాకముందే నాలుగుసార్లు కూర్చుంది. ప్రతిసారీ పక్కన కూర్చున్నవాళ్లతో మాట కలిపింది. ‘మాది చౌడేపల్లె, మీదేవూరమ్మా?’ అని. చివరిసారి నావైపు చూసి ‘ఈ తూరి మెట్లు పెంచినట్లుండారే నాయనా’ అంది.

నేను నవ్వాను. ‘మెట్లు అవేనమ్మా, నీ వయసు పెరిగింది’ అన్నాను. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. ఎలాగో కొండెక్కాం, దర్శనం చేసుకున్నాం, బస్సులో దిగాం.

మూడు వారాల తర్వాత నా భార్య ఒక మాట అంది. ‘అత్తయ్య డాబా మీదికి రావడం మానేశారు గమనించారా? వడియాలు కూడా నన్నే ఎండబెట్టమంటున్నారు.’ అప్పుడు వెళ్లి అమ్మ కింది కనురెప్ప లాగి చూశాను. తెల్లకాగితంలా ఉంది. హిమోగ్లోబిన్ 6.9 గ్రాములు. మహిళల్లో 12 ఉండాలి.

కారణం వెతికితే తలగడ కింద దొరికింది. మోకాళ్ల నొప్పులకని ఎనిమిది నెలలుగా మందుల షాపులో కొని రోజూ వేసుకుంటున్న డైక్లోఫినాక్ మాత్రలు. ‘నీకు చెప్తే కొండ ఎక్కొద్దంటావని చెప్పలేదు’ అంది. మలం అప్పుడప్పుడూ తారులా నల్లగా వస్తున్న సంగతీ చెప్పలేదు. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనిపించింది. అక్కణ్నుంచి నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తం పోతోంది.

రోజూ ఓపీలో వందమంది కళ్లు చూసి పంపే వైద్యుణ్ణి. కొండ మీద నా పక్కనే కూర్చున్న అమ్మ కళ్లు చూడలేదు. ‘మెట్లు పెంచినట్లుండారే’ అన్నది జోకు కాదు. అదొక రోగలక్షణం. అదే మాట ఓపీలో కొత్త మనిషి చెప్పి ఉంటే వెంటనే రక్తపరీక్ష రాసి ఉండేవాణ్ణి.

రక్తం ఎక్కించాం. నొప్పి మాత్రలు మాన్పించి, పుండుకు, రక్తహీనతకు చికిత్స చేశాం. ఆర్నెల్లకు హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లు, నొప్పి మాత్రలు అలవాటైనవాళ్లు, మొలల నుంచి రక్తం పోయేవాళ్లు ఏళ్ల తరబడి ఆయాసాన్ని ‘వయసు’, ‘ఒళ్లు’ అని సరిపెట్టుకుంటారు. ఇక రాగిసంగటి తింటున్నాం కదా అని ధీమా పడకండి. రాగుల్లో కాల్షియం మెండు, కానీ రక్తహీనతను అదొక్కటే తీర్చదు. అన్నంతో పాటే టీ, కాఫీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. గంట ఎడం ఇవ్వండి.

‘గ్యాస్ సార్, ఇంకేం లేదు’

అమ్మ విషయంలో తిన్న దెబ్బ ఇంకొకరికి పనికొచ్చింది. మొన్న టీ కొట్టు దగ్గర ఒక మండీ వ్యాపారి తన లెక్క చెప్పారు. ఆయనకు 52 ఏళ్లు. ‘నిరుడు శ్రీవారి మెట్టు గంటా ఇరవై నిమిషాల్లో ఎక్కేసినా సార్. ఈ తూరి మూడొందల మెట్లకే గుండెల్లో మంట. కూర్చుంటే పోతాది, లేచి ఎక్కితే మళ్లీ వస్తాది. గ్యాస్ సార్, ఇంకేం లేదు.’

నా చేతిలో టీ చల్లారిపోయింది. గ్యాస్ మంటకు మెట్లతో లెక్క ఉండదు. అది తిన్న తర్వాత వస్తుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. శ్రమపడినప్పుడే వచ్చి, ఆగగానే అయిదు పది నిమిషాల్లో తగ్గి, మళ్లీ అంతే శ్రమకు వచ్చేది గుండె రక్తనాళాలకు సంబంధించిన నొప్పి కావచ్చు. దాన్నే యాంజైనా అంటాం. మంటగా, బరువుగా, బిగుసుకున్నట్టుగా ఉండొచ్చు. దవడకు, ఎడమ చేతికి, వీపుకు పాకొచ్చు.

‘ఈసీజీ తీయించినా, నార్మల్ సార్’ అన్నారాయన. అక్కడే చాలామంది మోసపోతారు. పడుకోబెట్టి తీసే ఈసీజీ విశ్రాంతిలో ఉన్న గుండెను చూపిస్తుంది. ఆయన గుండెకు కష్టం మెట్ల మీద వస్తోంది. అందుకే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించాం. తేడా కనిపించింది. యాంజియోగ్రామ్‌లో ఒక ప్రధాన రక్తనాళం బాగా పూడుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు. ఇప్పుడాయన మళ్లీ వాకింగ్‌కు వస్తున్నారు, బీడీ మానేశారు. మనం తెలుసుకోవాల్సింది ఒకటే. ఆయన జబ్బును ముందుగా కనిపెట్టింది మెట్లు. నిరుటితో పోల్చుకున్నాడు కాబట్టే సంగతి బయటపడింది.

మధుమేహం ఉన్నవాళ్లు, మహిళలు, పెద్ద వయసువాళ్లలో ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, చెమట, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండొచ్చు. విశ్రాంతి తీసుకున్నా నొప్పి తగ్గకపోతే, చెమటలు పడితే ఇంకో మెట్టు ఎక్కొద్దు, దిగొద్దు. ఉన్నచోటే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, అల్సర్ లేదా రక్తస్రావం ఉన్నవాళ్లు మినహా మిగతావాళ్లు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగొచ్చు. గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.

ఎక్కడం గుండెకు, దిగడం మోకాలికి

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టమనుకుంటాం. మోకాలికి మాత్రం దిగడమే ఎక్కువ కష్టం. మెట్టు దిగేటప్పుడు మోకాలి కీలు మీద పడే భారం శరీరం బరువుకు దాదాపు మూడున్నర రెట్లు ఉంటుంది. 70 కిలోల మనిషికి 245 కిలోలన్నమాట. పైగా తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. అందుకే దిగిన మర్నాడు, మూడోనాడు కాళ్లు పట్టేస్తాయి. అది నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి రావాలి. కండరం దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతున్న సూచన అది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కి, బస్సులో దిగండి. మొక్కుకు లోటేమీ రాదు. నొప్పి తెలియకుండా ఉండాలని ముందే మాత్ర వేసుకుని ఎక్కడం మంచిది కాదు. ఒళ్లు ఆరిన స్థితిలో ఆ మాత్రలు కిడ్నీలకు మరింత చేటు.

గాలి పలచన అంటారే?

‘కొండ మీద గాలి పలచన, అందుకే ఆయాసం’ అనే మాట తరచూ వింటాం. తిరుమల దాదాపు 3 వేల అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే పది శాతం దాకా తక్కువ. ఆరోగ్యవంతుడికి అది తెలియను కూడా తెలియదు. పైగా మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల వాళ్లం 2 వేల అడుగులకు పైన పుట్టి పెరిగినవాళ్లం. మనకు ఆయాసం వస్తే గాలి మీద నెపం వేయకూడదు. ఇప్పటికే తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఆ పది శాతం కూడా ముఖ్యమే. శ్రమ ఇంకా ముఖ్యం.

మొక్కుకు ముందు ఎనిమిది వారాలు

కొండ ఎక్కొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెట్లు ఎక్కడం అందులో మేలైనది. తయారై ఎక్కండి.

● మొదటి రెండు వారాలు రోజూ అరగంట చదునైన దారిలో నడక. మూడో వారం నుంచి నడకకు తోడు డాబా మెట్లు అయిదుసార్లు. వారం వారం మూడు నాలుగు సార్లు పెంచుకుంటూ పోండి.

● కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజుకు మూడు విడతలు, విడతకు పది. తొడ కండరాలు గట్టిపడితే మోకాలికి అండ.

● ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఆగకుండా పైకి 60 మెట్లు, అంటే నాలుగు వరసలు ఎక్కి చూడండి. నిమిషంలోపు ఎక్కగలిగితే గుండె సత్తువ బాగున్నట్టు, నిమిషంన్నర దాటితే తక్కువగా ఉన్నట్టు అని 2020లో స్పెయిన్ వైద్యులు తమ పరిశీలనలో చెప్పారు. ఛాతీనొప్పి, ఆయాసం, మోకాలి నొప్పి ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లో ప్రయత్నించొద్దు.

● 60 దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్లు ముందుగా వైద్యుణ్ణి కలవండి.

● ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్లు ఉపవాసంతో ఎక్కితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వణుకు, చెమట, తికమక మొదలైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. ఆ రోజు మందు మోతాదు ఎంతో ముందే అడిగి తెలుసుకోండి.

● షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు చెప్పుల్లేని నడక పెద్ద ప్రమాదం. ఎండకు కాలిన రాయి చర్మాన్ని కాల్చినా తెలియదు. తెల్లవారుజామునే ఎక్కండి, మందపాటి నూలు సాక్సులు వేసుకోండి, పైకి చేరాక పాదాల అడుగుభాగాన్ని అద్దంలో చూసుకోండి.

● దారిలో బాత్రూం ఇబ్బందని చాలామంది ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు. అలా చేయొద్దు. ప్రతి ఇరవై నిమిషాలకు నాలుగు గుక్కలు తాగండి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

● గుంపుగా వెళ్తే అందరికన్నా నిదానంగా నడిచేవాళ్లు ముందుండాలి. మిగతావాళ్లు వాళ్ల వెనక నడవాలి. అప్పుడు పోటీ ఉండదు, వెనకబడ్డ మనిషి ఒంటరిగా కూలబడే ప్రమాదమూ ఉండదు.

గోడ మీద రాసుకోండి

టీ కొట్టు స్నేహితులకు ఇప్పుడొక పని అప్పజెప్పాను. కొండ ఎక్కి వచ్చిన రోజు ఇంట్లో గోడకున్న క్యాలెండర్లో మూడు సంగతులు రాసుకోవాలి. ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు కూర్చున్నారు, ఎక్కడ ఆయాసం వచ్చింది. ఏడాది చివర క్యాలెండర్ పారేసే ముందు ఆ కాగితం చించి దాచుకోవాలి. వయసుతో పాటు అయిదు పది నిమిషాలు పెరగడం సహజం. ఒక్క ఏడాదిలో సమయం సగానికి సగం పెరిగినా, కూర్చునే విడతలు రెట్టింపైనా ఆ కాగితం పట్టుకుని వైద్యుడి దగ్గరికి రావాలి. నా వరకు అది చాలా రిపోర్టుల కన్నా విలువైనది.

పెద్దవాళ్లు ఇలాంటివి రాసుకోరు. నవ్వుతూ ఒక మాట అంటారు, అంతే. ‘మెట్లు పెంచినట్లుండారే’ అనో, ‘బిందె బరువెక్కింది’ అనో, ‘బావి దూరమైంది’ అనో. ఆ మాట వినపడితే పక్కన కూర్చుని కింది కనురెప్ప లాగి చూడండి. ఏ మాత్రలు మింగుతున్నారో అడగండి.

పోయినేడు అమ్మ మళ్లీ అలిపిరి దారిలో ఎక్కింది. ఆమె ముందు, మేం వెనక. గాలి గోపురం దగ్గర ఒక్కసారే కూర్చుంది. పక్కన పలమనేరు నుంచి వచ్చిన ఒకావిడ ఆయాసపడుతుంటే అమ్మ నీళ్లసీసా అందించి, ‘రక్తపరీక్ష చేయించుకున్నావామ్మా?’ అని అడిగింది.